మామయ్యగారి శని ఆదివారాల కాగితం

పోయిన శుక్రవారం సాయంత్రం ఆఫీసులో అందరూ సంచులు సర్దుకుంటున్న వేళ, భీమవరం నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చిన అమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చి, "మేడం, శని ఆదివారాలు ఈ ఊళ్లో ఏం చేస్తారండీ?" అని అడిగింది. అడగడంలో తప్పేమీ లేదు గానీ "ఈ ఊళ్లో" అన్న చోట గొంతు కాస్త కిందికి దిగింది. ఫోన్లో వెతికిందట. ఒక కోట, రెండు గుళ్లు, మూడు బిర్యానీ హోటళ్లు చూపించి అది ఊరుకుందట. నాకు నవ్వొచ్చింది. అనంతపురం వచ్చిన రెండో నెలలో, అన్నం ముందు కూర్చుని, సరిగ్గా అదే గొంతుతో నేనూ అడిగాను. కాకపోతే నేనడిగింది మా మామగారిని.

మాది కృష్ణా జిల్లాలో కాలవ గట్టు మీది ఊరు. ఇంటి వెనక నీళ్లు పారుతుంటే అది చప్పుడని కూడా తెలియకుండా పెరిగినదాన్ని. పెళ్లయి ఇక్కడికొచ్చేసరికి, ఎర్రనేల, గుండ్రాళ్ల గుట్టలు, కుళాయిలో రోజు విడిచి రోజు నీళ్లు. మా ఆయనకి గాలిమరల కంపెనీలో ఉద్యోగం, గుట్టల మీదే కాపురం, నెలకి రెండుసార్లు ఇంటికొస్తే గొప్ప. అత్తగారు శనివారం తెల్లారగానే పుట్టపర్తి బస్సెక్కి, అక్కడ రెండ్రోజులు వంటశాలలో కూరగాయలు తరిగే సేవ చేసి, ఆదివారం సాయంత్రానికి తిరిగొచ్చేవారు. ఇంట్లో చేయని పని అక్కడెందుకు చేస్తుందో తనకి అంతుబట్టలేదని మామగారు అనేవారు, ఆవిడ వినేలాగానే. అంచేత శని ఆదివారాలు ఇంట్లో మిగిలేది మేమిద్దరం.

మామగారు బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరయిన మనిషి. ముప్ఫై ఏళ్లు మైకులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో చెప్పి చెప్పి, ఇంట్లో కూడా మామూలుగా మాట్లాడటం మరిచిపోయారు. "అమ్మాయ్, నీ కాఫీ రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద ఉండాది" అంటే వంటింటి అలమరలో రెండో అరలో పెట్టారని అర్థం. నేను "మామయ్యగారూ" అని పిలిస్తే ప్రతిసారీ ఒకసారి వెనక్కి చూసేవారు, ఇంకెవరైనా పెద్దమనిషి వచ్చాడేమోనని. "మామా అను సాలు. ఆ గారు గీరు ఆఫీసులో పెట్టుకో" అనేవారు. నాకు నోరు రాలేదు. చివరిదాకా మామయ్యగారే.

ఆ శనివారం నేను, "ఈ ఊళ్లో సెలవురోజు ఏం చేస్తారండీ అసలు?" అన్నప్పుడు ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయారు. చిన్నబుచ్చుకున్నారనుకుని వారమంతా జాగ్రత్తగా మసిలాను. తర్వాతి శుక్రవారం పొద్దున నా టిఫిను డబ్బా కింద ఒక కాగితం కనిపించింది. పాత డ్యూటీ చార్టు వెనకవైపు స్కేలుతో గళ్లు గీసి ఉంది: వేళ, చోటు, బస్సు, తిరుగు బస్సు, గమనిక. శనివారం సాయంత్రం ఆరు గంటలకు పాతూరు హాల్లో పద్యనాటకం. గమనికలో, "కుర్చీలు ఇనుపవి. దుప్పటి తెచ్చుకొనవలెను. హార్మోనియం బాగుండును. కృష్ణుడు లావు, పద్యము మంచిది." ఆదివారం తెల్లవారుజామున గుత్తి బస్సు, కోట. "నీళ్లు రెండు సీసాలు. పైన నీడ లేదు. తొమ్మిదిలోపు దిగవలెను. కింద సంకటి, నాటుకోడి పులుసు. కారమెక్కువ, కోస్తావారు ముందుగా చెప్పుకొనవలెను." ఆ చివరి మాటకి నాకు పౌరుషం వచ్చింది. ముందుగా చెప్పుకోలేదు. సంకటి ముద్ద మధ్యలో గుంట చేసి పులుసు పోసుకుని, కళ్ల వెంట నీళ్లు కారుతున్నా రెండోసారి వడ్డించుకున్నాను. ఆయన చూడనట్టు పక్కకి తిరిగి, గ్లాసులో మజ్జిగ నింపి నా వైపు జరిపారు.

అలా మొదలైంది. దగ్గరైతే ఆయన స్కూటరు, దూరమైతే బస్సు. ధర్మవరం అవతల తోలుబొమ్మలు చేసేవాళ్ల ఊరికి వెళ్లి, మేకతోలు మీద ఉలితో చిల్లులు పొడిచి నగలు దిద్దుతున్న ముసలాయన పక్కన పూటంతా కూర్చున్నాం. లేపాక్షిలో కప్పు మీది బొమ్మలు చూడాలంటే మెడ నొప్పి పుడుతుందనీ, తువ్వాలు పరిచి వెల్లకిలా పడుకోవడమే మార్గమనీ నేర్చుకున్నాను. జాతర రోజుల్లో నడుముకి ఉరుములనే పెద్ద పెద్ద డోళ్లు కట్టుకుని వాయిస్తూ ఆడేవాళ్ల ముందు నిలబడితే ఆ దెబ్బ చెవికి కాదు, పక్కటెముకలకి వినిపించేది. ఓళిగలు, అంటే మా బొబ్బట్లే, ఏ ఇంటావిడ దగ్గర ముందురోజు చెప్పి తెచ్చుకోవాలో, జొన్నరొట్టె ఏ అరుగు మీద చేత్తో తడతారో, శనక్కాయ చట్నీ ఏ హోటల్లో రోట్లో నూరతారో అన్నీ ఆయనకు తెలుసు. ఒకసారి వర్షం వస్తుందేమో గొడుగు తీసుకుందామా అన్నాను. స్కూటరు ఆపి మరీ నవ్వారు. "ఈడ వాన రాకపోవడంలో ఒక లాభముండాదమ్మా. యాడికి పోదామనుకున్నా అడ్డం రాదు."

మా కాలనీకి ఒక వాట్సాప్ గుంపు ఉంది. మురికికాలవల గురించి, తప్పిపోయిన కుక్కల గురించి తప్ప అందులో ఏమీ రాదు. పద్యనాటకం మళ్లీ ఉన్న ఒక వారం, మామయ్యగారి కాగితాన్ని గమనికలతో సహా శుక్రవారం నేను టైపు చేసి అందులో పెట్టాను. ఆదివారం ఆ నాటకాల హాల్లో మా వీధివాళ్లే పదకొండు మంది కనిపించారు, అందరి చేతుల్లోనూ మడిచిన దుప్పట్లు. తర్వాత అది మా కాలనీ దాటింది. ఎవరు ఎవరికి పంపేవారో గానీ, బుధవారం నుంచే ఆయనకు ఫోన్లు వచ్చేవి. "అన్నా, ఈ వారం ఏముండాది?" ఆయన బస్టాండు గొంతుతో, "శుక్రవారం ప్రకటిస్తాము" అనేవారు. ఆయనకు మూడు నియమాలుండేవి. తాను పోయి చూడనిది రాయకూడదు. అక్కడ ఊరికే పెడితే తినకూడదు. రాసే ముందు ఆ మనిషిని అడగాలి. మొదటి రెండూ నాకు అర్థమయ్యాయి. మూడోది చాదస్తమనిపించింది. మంచిమాట రాస్తామంటే వద్దనేదెవరు?

పాతూరులో ఒక సందు. అందులో ఒక అద్దె ఇంటి వరండా. అక్కడ ఒకామె ఆదివారం పొద్దున మాత్రం ఉగ్గాణి చేసేది. మిగతా వారమంతా ఆడపిల్లల హాస్టల్లో వంట. భర్త లేడు, పిల్లలు లేరు. అందరూ అక్క అనే పిలిచేవారు, ఆమె కన్నా పెద్దవాళ్లు కూడా. మామయ్యగారు ఒక ఆదివారం నన్ను అక్కడికి తీసుకెళ్లారు, ఆ తర్వాత ఊళ్లో ఉన్న ప్రతి ఆదివారం వెళ్లేవాళ్లం. బొరుగులు, మా వైపు మరమరాలంటాం, నీళ్లలో ముంచి అలా పిండి తీసి, ఉల్లిగడ్డలూ పచ్చిమిర్చీ వేగిన తాలింపులో పడేసి, పైన పుట్నాల పప్పుల పొడి చల్లి, నిమ్మకాయ పిండి, పక్కన ఒక మిరపకాయ బజ్జి. ఎంత, అరచేయంత పని. కానీ ఆమె చేతిలో బొరుగు మెత్తబడేది గానీ ముద్దయ్యేది కాదు. నలభై మందికి సరిపడా చేసి, అయిపోగానే వరండా కడిగేసి, తలుపేసుకుని నిద్రపోయేది. ఆరు రోజులు ఊరందరి పిల్లలకి వండిన మనిషికి ఆ ఆదివారం మధ్యాహ్నం నిద్ర ఎంత ముఖ్యమో నాకప్పుడు తట్టలేదు. "దీన్ని కాగితంలో ఎందుకు రాయరు?" అనడిగాను. "ఆ యమ్మ రాయమంటే రాద్దాం. మూడుసార్లు అడిగినా, వద్దనె" అన్నారు.

ఒక శుక్రవారం మామయ్యగారు కళ్యాణదుర్గంలో పెళ్లికి వెళ్తూ కాగితం నాకిచ్చి, పంపించమన్నారు. ఆ వారం ఊళ్లో ఏమీ లేదు, కాగితం బోసిగా ఉంది. నేనే కింద ఇంకో వరస చేర్చాను. ఆదివారం ఉదయం, అక్క ఉగ్గాణి, ఊళ్లో ఇంతకు మించింది లేదు. ఫలానా సందు, ఫలానా ఇల్లు. దారి తెలియదేమోనని ఫోన్లో ఆ చోటికి గుర్తు కూడా పెట్టాను. అక్కకీ, మామయ్యగారి కాగితానికీ మంచి చేశాననే అనుకున్నాను. మామయ్యగారు సోమవారం తిరిగొచ్చారు, ఫోను చూసే అలవాటు ఆయనకు లేదు. నేనూ చెప్పలేదు, ఆమె సంతోషించాక చెబుదామని.

తర్వాతి ఆదివారం మేమిద్దరం వెళ్లేసరికి సందు మొదట్లోనే స్కూటరు ఆపాల్సొచ్చింది. ముందుకు దారి లేదు, అన్నీ మోటారు సైకిళ్లే. లోపలెక్కడో ఎవరో కేకలేస్తున్నారు. ఒకాయన ఫోను పైకెత్తి పట్టుకుని, తనలో తను మాట్లాడుకుంటూ వీడియో తీస్తున్నాడు. వరండాలో అక్క ఖాళీ బాండీ ముందు గంటె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఎదురుగా ఒక భారీ మనిషి, "హిందూపురం నుంచి వచ్చినామమ్మా, అయిపోయిందంటే ఎట్ల?" అంటున్నాడు. అప్పుడే ఎవరో బండి వెనక్కి తీయబోయి, ఇంటిగలామె వాకిట్లో ఉన్న నీళ్ల డ్రమ్ముకి గుద్దారు. డ్రమ్ము ఒరిగిపోయింది. రెండు రోజులకి పట్టుకున్న నీళ్లు సందంతా పారాయి. కేకలేస్తున్నవాళ్లందరూ ఒక్కసారిగా నోరు మూశారు. ఈ ఊళ్లో పాలు ఒలికినా అంత నిశ్శబ్దం రాదు. ఇంటిగలామె బయటికొచ్చి, తడిసిన నేల చూసి, అక్క వైపు తిరిగి, "నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయి. పోయిన వారమే చెప్పినా నీకు" అంది.

మంది వెళ్లిపోయాక మామయ్యగారు, "ఇంతమంది యాడ నుంచి వచ్చినారు?" అని అడిగారు. అక్క ఆయన్ని చూసింది. "మీ కాగితంలో చూసి వచ్చినామంటాండారు. నన్ను మూడుసార్లు అడిగి, వద్దంటే సరేనంటివి కదన్నా. మల్ల ఎందుకు రాసినావు?" నేను ముందుకొచ్చి, "రాసింది ఆయన కాదక్కా, నేను" అన్నాను. ఆమె నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. "నువ్వా. నన్నొక మాట అడగల్ల కదమ్మా" అంది, అంతే. గంటె బాండీలో పడేసి లోపలికెళ్లి తలుపేసుకుంది.

ఇంటికొచ్చాక మామయ్యగారు స్కూటరు స్టాండేసి, తాళంచెవి చేతిలో తిప్పుతూ, "మైకులో బస్సు వస్తాదని చెప్పినాక, రాకపోతే జనం డ్రైవర్ని తిట్టరు. చెప్పినోని కాడికి వస్తారు. ఆ పొద్దు నేను కుర్చీలోనించి లేసి పోగూడదు, అంతే ఉద్యోగం" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. "ఏడ్సద్దు. సెలవు పెట్టు. ఇల్లెతుకుదాం" అన్నారు. ఆ శుక్రవారం కాగితం లేదు. గుంపులో ఎవరెవరో అడిగారు. ఆయన నా చేత ఒక్క ముక్క టైపు చేయించారు: "సర్వీసు రద్దు."

ముందు అక్క ఇంటిగలామెకి డ్రమ్ము నింపించాం, మామయ్యగారే ట్యాంకరువాణ్ణి పిలిపించి పక్కన నిలబడ్డారు. ఆవిడ మెత్తబడింది గానీ ఇల్లు మాత్రం ఇవ్వనంది. ఎనిమిది రోజులు సందు సందూ తిరిగాం. నివాసానికి గదులు దొరికాయి. ఆదివారం పొయ్యి పెడుతుందనేసరికి నూనె పొగనీ, గోడలు జిడ్డవుతాయనీ అందరూ తల అడ్డంగా ఊపేవారు. చివరికి సాయినగర్ అవతల చిన్న గది ఒకటి కుదిరింది, వంట తనొక్కదానికే అన్న షరతు మీద. అంటే ఉగ్గాణి ఆగిపోయినట్టే. అప్పుడు మామయ్యగారికి నాటకాల హాలు గుర్తొచ్చింది. దాని పక్కన ఒకప్పుడు క్యాంటీను నడిచిన గది, పొగగొట్టంతో సహా, తాళం వేసి ఉంది.

హాలు కార్యదర్శి ఎవరో కాదు, కాగితంలో లావని రాసిన కృష్ణుడే. మేం వెళ్లేసరికి కుర్చీలు లెక్కపెట్టిస్తున్నాడు. విషయమంతా విని, "గది సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ఇది చెప్పన్నా. ఇరవై ఏండ్ల నుంచి కిరీటం పెట్టుకుంటాండా. ఊరంతా చదివే కాగితంలో నన్ను లావని రాయొచ్చునా?" అన్నాడు. నేను నేల చూశాను, టైపు చేసింది నేనే. మామయ్యగారు చేతులు కట్టుకున్నారు. "తప్పేప్పా. కానీ పద్యం మంచిదని దాని పక్కనే రాసినా. అది చదివే కదా జనం దుప్పట్లు ఎత్తుకొని వచ్చింది." "వచ్చినారులే" అని కృష్ణుడు ఒప్పుకున్నాడు. ఆదివారం పొద్దున హాల్లో రిహార్సళ్లు జరుగుతాయి, ఆ సమయంలోనే పొయ్యి వెలిగించుకుంటే పర్వాలేదు, నెల చూసి చెబుతాం అన్నాడు. ఆయన తల వంచి తాళంచెవి గుత్తిలోంచి తీస్తుంటే, నిజం చెప్పొద్దూ, ఆ లావే ఆయనకు ఒక నిండుదనమనిపించింది.

ఒప్పుకోవాల్సింది ఇక అక్కే. మేం చెప్పిందంతా విని, "మీరు చూపిచ్చిన కాడికంతా నేనెందుకు రావల్ల? నన్ను గమ్మున ఉండనియ్యండి" అంది. మామయ్యగారు బలవంతం చేయలేదు. "నువ్వు వద్దంటే తాళంచెవి రేపే ఇచ్చేస్తా. చెప్పడం మా పని, చెప్పినాం" అని లేచారు. ఆమె మమ్మల్ని గుమ్మం దాకా వెళ్లనిచ్చి, "అరవై మందికే చేస్తా" అంది. మేం ఆగాం. "పది కొట్టినాక ఎవరొచ్చినా పెట్టను. వీడియోలు తీయగూడదు. అయిపోతే అయిపోయినట్లే, అరిస్తే మల్ల చేయను. ఇదంతా ఆ పాప ఫోన్లో రాయల్ల, నేను చెప్పినట్లే." ముప్ఫై ఏళ్ల దాన్ని పాప అనడమే ఆమె నన్ను క్షమించడమని నాకు చాలా రోజులకి గానీ తెలియలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టే, ఒక్క అక్షరం మార్చకుండా టైపు చేసి, ఆమెకు చదివి వినిపించి, సరేనన్నాకే పంపాను.

సామాను మార్చే రోజు నేనూ వెళ్లాను. బాండీలూ డబ్బాలూ ఆటోలో పెట్టాక, అక్క ఎదురింటి అరుగు దగ్గరికెళ్లి, అక్కడ కూర్చున్న ఒక ముసలావిడ చెయ్యి పట్టుకుని నిలబడింది. కళ్లు సరిగా కనిపించని అవ్వ. మనవరాలి ఇంట్లో ఉంటుంది. ప్రతి ఆదివారం బాండీలోంచి తీసే మొదటి పొట్లం ఆవిడదట. అన్ని వారాలు వెళ్లి తిన్నదాన్ని, ఆ సంగతి నాకు తెలియదు, మేం వెళ్లే వేళకి అది జరిగిపోయి ఉండేది. "హాలు శానా దూరమా?" అని అవ్వ అడిగింది. అక్క, "దూరమేం లేదవ్వా" అంది. అవ్వకి ఆ దూరం ఊరి పొలిమేర కిందే లెక్కని ఇద్దరికీ తెలుసు. ఆటో కదిలాక అక్కతో, "ఆ పొట్లం నేను తెచ్చిస్తానక్కా" అన్నాను. అక్క నా వైపు చూడకుండా, "మిరపకాయ తీసెయ్యల్ల. బజ్జీ పైన పిండి మటుకే తింటాది" అంది.

నెల తిరిగేసరికి కృష్ణుడు తాళంచెవి అడగలేదు. ఉగ్గాణి కోసం వచ్చినవాళ్లు పొట్లం పట్టుకుని హాల్లోకి తొంగిచూసి, పద్యం పూర్తయ్యేదాకా నిలబడేవారు. అన్నీ బాగయ్యాయని చెప్పను. ఆ సందు చుట్టుపక్కల నుంచి నడిచి వచ్చి తినే మగ్గం నేసేవాళ్లు కొందరు హాలు దాకా రాలేదు. వరండాలో కూర్చుని తిన్న రుచి గోడకి ఆనుకుని తింటే రాలేదు. అక్కే ఒకసారి, "ఈడ బాగుండాది. ఆడ ఇల్లు" అంది. ఆమె ఆదివారం నిద్ర మాత్రం మిగిలింది. పదికి షట్టరు దించేస్తుంది, ఇప్పటికీ.

మామయ్యగారు పోయి మూడేళ్లు దాటింది. పెద్దగా మంచం పట్టలేదు, పది రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. ఆఖరి శుక్రవారం కూడా, "ఈ వారం ఏముండాది?" అని నన్నే అడిగారు. పోయిన మర్నాడు కృష్ణుడు వచ్చి, వాకిట్లో నిలబడి, ఎవరూ అడక్కుండానే ఒక పద్యం పాడి వెళ్లాడు. కాగితం ఇప్పుడు నేనే రాస్తున్నాను, భీమవరం అమ్మాయి చేతిలో పెట్టిందీ అదే. స్కూటరు తోలడం వచ్చింది. రాసే ముందు అడుగుతున్నాను. వద్దన్నవాళ్లు ముగ్గురున్నారు, వాళ్ల దగ్గర నేనొక్కదాన్నే తిని వస్తాను.

మొన్న ఆదివారం కూడా పొట్లం తీసుకుని పాతూరు సందుకి వెళ్లాను. అవ్వకి తొంభై దాటి ఉంటాయి, ఆవిడకే లెక్క తెలియదు. నా అడుగు చప్పుడు విని అరుగు మీద పక్కకి జరిగింది. పొట్లం విప్పి చేతిలో పెట్టాను. నిదానంగా తిని, కాగితం మడిచి నాకిచ్చి, "నువ్వు తెచ్చిచ్చేది ఎన్ని దినాలాయమ్మా?" అనడిగింది. "ఎనిమిదేళ్లయిందవ్వా" అన్నాను. "అంతా? నాకు రెండు మూడు వారాల మాదిరి ఉండాది" అని చేతులు దులుపుకుని, "వచ్చే ఆదివారం ఉల్లిగడ్డ ఇంకొంచెం ఎక్కువెయ్యమను" అంది. అక్కతో చెబుతానన్నాను. కాలం చేతిలోంచి జారిపోతుందని నాతో సహా అందరూ అంటారు గానీ, ఆ అరుగు మీద మాత్రం అది వారానికొక పొట్లం చొప్పున, ఇంకా వేడిగానే, చేతికి అందుతూ ఉంది.